సిమ్‌లో పెట్టిన మంత్రం

మా తమ్ముడు మంత్రం వేశాడంటే మిగిలేది బూడిదే. దొంగలు దాక్కున్న ఇంటి మీద వేస్తే దొంగలతో పాటు ఇల్లు, ఇంట్లో ధాన్యం, వాకిట్లో కట్టేసిన బర్రె, అన్నీ పోయేవి. నిజంగా కాదు లెండి, ఆటలో. కోదాడలో మా అన్న కిరాయికి ఉన్న ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ముందుగదిలో చాప పరుచుకుని ఆడే ఆటలో.

ఆ ఆటను మా ఇంటికి తెచ్చింది వదిన. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ దగ్గరున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, పెళ్ళయ్యాక పెట్టెలో చీరల మధ్య పెట్టుకుని అత్తగారింటికి తెచ్చుకుంది. ఆ ఆటకు బోర్డు ఉండదు, పావులు ఉండవు. వదిన ఒక కథ చెబుతూ పోతుంది. మేము ముగ్గురం ఆ కథలో మనుషులం. "ఎదురుగా వాగు. వంతెన విరిగిపోయింది. ఏం చేస్తారు?" అని ఆగుతుంది. ఏం చేస్తామో మేము నోటితో చెప్పాలి. అది అయ్యిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. స్టీలు పళ్ళెంలో పాచికలు వేసేవాళ్ళం, పక్కింటివాళ్ళు మేము జూదం ఆడుతున్నామనే అనుకునేవారు.

అన్న కోదాడ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవాడు, కథలో దొంగ. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, కథలో కత్తీ డాలూ పట్టి కోటకు కాపలా కాసే ఆడమనిషిని. తమ్ముడు అప్పుడే బీఎడ్ అయిపోయి, సూర్యాపేటలో నా గదిలోనే ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాడు. కథలో వాడు మాంత్రికుడు. ఆదివారం వస్తే మేమిద్దరం బస్సెక్కి కోదాడ పోయేవాళ్ళం.

మొదట్లోనే ఒక ఆదివారం, దొంగలు తోలుకుపోయిన గొర్ల మందను మేము విడిపించుకు రావాలి. దొంగలు సరిగ్గా మంద నడుమ నిలబడ్డారు. తమ్ముడు అగ్నిగోళం విసిరాడు. వాడి నిండు మంటకు ఆరు పాచికలు. పళ్ళెం గలగలమంది. వదిన చుక్కలు లెక్కపెట్టి, "దొంగలు చచ్చారు. గొర్రెలూ చచ్చాయి" అంది.

మేము గొర్లు కాసే ఇంటివాళ్ళం. మునగాల దగ్గర మా ఊళ్ళో నాయిన అప్పటికీ మందతోనే తిరిగేవాడు. లేని గొర్ల కోసం తమ్ముడి ముఖం నిజంగానే చిన్నబోయింది. "మంట జర తక్కువ పెట్టే పద్ధతి లేదా వదినా?" అని అడిగాడు. వదిన పుస్తకం అటూ ఇటూ తిప్పి, లేదంది. "మనమే పెట్టుకుందాం. మంత్రం ఎంత తగ్గించాలో అన్ని పాచికలు పక్కన పెట్టు. కానీ విసిరే ముందు నోటితో చెప్పాలి. చెప్పకుండా విసిరితే నిండు మంటే." ఏమని చెప్పాలి అన్న దగ్గర అందరం ఆగాం. అప్పుడే వంటింట్లో పాల వాసన వచ్చింది. "ఏమండీ, పాలు! సిమ్‌లో పెట్టండి!" అని వదిన కేకేసింది. అన్న ఉరికాడు. పొయ్యి మీద మంట బాగా తగ్గించడాన్ని అందరిళ్ళల్లో సిమ్ అంటారు, ఆ మాట ఎక్కడిదో ఎవరికీ పట్టదు. చేతిలో మసిగుడ్డతో తిరిగొచ్చిన అన్న గుమ్మంలో నిలబడి, "గదే పెట్టుండ్రి పేరు. సిమ్" అన్నాడు. మేము పొట్ట పట్టుకుని నవ్వాం. తమ్ముడు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

అడిగి పెట్టించుకున్న ఆ రూలును వాడు ఒక్కసారి కూడా వాడలేదు. ఎలుక మీద కూడా ఆరు పాచికలే. "వీనికి సిమ్ లేదు, అంత హైయే" అని అన్న ఆటపట్టించేవాడు. నాకైతే ఒళ్ళు మండేది. నాకు కోపం ఎక్కువ. రక్తం తీసేటప్పుడు చెయ్యి లాక్కునే పెద్దమనుషులను కూడా కసిరిన దాన్ని, తమ్ముణ్ణి ఊరుకుంటానా? "తక్కువ ఏసే రూలు నీకోసమే గదరా పెట్టింది? ఏమైతది నీకు?" అనేదాన్ని. వాడు పాచికలు ఏరుకుంటూ కూర్చునేవాడు.

తమ్ముడికి నత్తి. మాట మొదట్లోనే గొంతు పట్టేసేది. ముఖం ఎర్రబడి, మెడ నరం తేలి, చూసేవాళ్ళకే ఊపిరాడేది కాదు. అందుకే మేమెవరం చూసేవాళ్ళం కాదు, మేమే ఆ మాట పూర్తి చేసేవాళ్ళం. నేను మరీనూ. వాడు నోరు తెరవగానే నా నోట్లో మాట సిద్ధంగా ఉండేది. వదిన వచ్చిన కొత్తలో ఇది గమనించి ఆటలో ఇంకో రూలు పెట్టింది. ఎవరి మాట వాళ్ళే పూర్తి చేయాలి. ఒకరి మాట ఇంకొకరు అందుకుంటే, ఆ మనిషి వంతు పోతుంది. అందుకున్నవాళ్ళది కాదు, మాట్లాడేవాడిదే. నాకది అన్యాయంగా తోచింది. ఆ భయానికే కాబోలు, చాప మీద కూర్చున్నంతసేపూ నేను పెదవి కరుచుకుని ఉండేదాన్ని.

వింత ఏమిటంటే, మాంత్రికుడిగా మాట్లాడేటప్పుడు వాడికి నత్తి వచ్చేది కాదు. "చూడు చూడు, చెట్టు చాటున ఎవరో ఉన్నారు! చెప్పండి, చేతులెత్తండి!" అని దడదడా అనేసేవాడు. మొదటిసారి విన్నప్పుడు అన్న తాగుతున్న నీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు. నాకు మాత్రం సంతోషం కన్నా ముందు చిరాకు వచ్చింది. మేము సూడు, సెట్టు, సెప్పు అనేవాళ్ళం. వదినది కోదాడ మాట, కృష్ణా జిల్లా చుట్టరికాల మాట. చూడండీ, చెట్టండీ అనేది. అవి ప్రత్యేక రాష్ట్రం బందుల రోజులు. బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఎవరు ఏ మాట మాట్లాడుతున్నారో చెవి పెట్టి వినే రోజులు. అన్నావదినలు కూడా టీవీ ముందు కూర్చుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. అట్లాంటప్పుడు వీడు వదిన మాట ఎత్తుకుంటే నాకెట్లా ఉంటుంది? "మన మాట మోటుగ కొడ్తుందారా నీకు?" అని తిరుగు బస్సులో నిలదీశాను. వాడు కిటికీ బయటికి చూశాడు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. కండక్టర్ వచ్చి ఎక్కడికి అంటే, ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. ఆరోజు అలిగి నోరు మూసుకున్నాను. తమ్ముడు డబ్బులు తీసి, "రెండు నకిరేకల్" అన్నాడు. నకిరేకల్ సూర్యాపేట దాటాక వస్తుంది. ఆ ఊళ్ళో మాకు ఎవరూ లేరు. వాడు టికెట్లు జేబులో పెట్టుకున్నాడు. సూర్యాపేటలో బస్సు ఆగగానే ఏమీ ఎరగనట్టు దిగాడు.

"నకిరేకల్ ఎందుకురా?" అన్నాను బస్టాండులో.

"అలవాటు."

ఒక్కడే తిరిగినన్నాళ్ళూ వాడు నకిరేకల్ టికెట్టే తీసుకునేవాడట. అప్పుడు తట్టింది నాకు. అక్కడే, చెరుకురసం బండి పక్కన నిలబడి, వాడు ఏ మాటల దగ్గర ఆగుతాడో ఒక్కొక్కటీ తలచుకున్నాను. సూడు. సెప్పు. సదువు. సెయ్యి. సేను. సూర్యాపేట. అన్నింటికీ మొదట 'స'. మా మాటలో సగం మాటలు దానితోనే మొదలవుతాయి కాబట్టి వాడికి అన్ని మాటలకూ నత్తి అనుకున్నాం. వదిన 'చ' పెట్టి పలికితే అవే మాటలు వాడి గొంతులోంచి నీళ్ళలా వచ్చాయి. వాడు వదినను అనుకరించడం లేదు, దారి దొరికి పారిపోతున్నాడు. సిమ్‌కు మాత్రం 'చ' లేదు. వాడు అడిగి పెట్టించుకున్న రూలుకు వాడు పలకలేని పేరు పెట్టి మేము పొట్ట పట్టుకుని నవ్వాం.

మర్నాడే వదినకు ఫోన్ చేశాను. పేరు మార్చు, చిన్నమంట అను, ఏదో ఒకటి అను అన్నాను. వదిన అంతా విని, "వాడొచ్చి అడిగితే మారుస్తాను" అంది. వాడు అడుగుతాడా? అడగడు. ఆమె మీద ఎంత మండిందో చెప్పలేను.

ఈ లోపల నాయిన ఒక మాట అనేశాడు. తమ్ముడు అప్పటికే రెండు బళ్ళ దాకా పోయి, పేరూ ఊరూ చెప్పమంటారన్న భయానికి గేటు దగ్గరి నుంచే తిరిగొచ్చాడు. చిన్నప్పుడు గొర్రెపిల్లలను వరసగా కట్టేసి వాటికి ఎక్కాలు చెప్పినవాడు. పంతులు కావడం తప్ప వాడికి ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. నాయిన చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు. "ఇంకొక్క బడి సూడు బిడ్డా. కాకుంటే కాలువ కింద పొలాలకు మంద తోలుతున్న, నాతోటి రా. గొర్లకు మాటలతోటి పనిలేదు" అన్నాడు. గొర్ల పని చిన్నదని కాదు, దానితోనే మేమంతా చదివాం. కానీ మాటలతో పనిలేదన్నందుకు తమ్ముడు ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఒక్క బడి మిర్యాలగూడలో దొరికింది. తెలుగు మీడియం ప్రైవేటు బడి. సోమవారం ఆరో తరగతికి పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే తీసుకుంటారు. ఏ పాఠమో వాళ్ళే చెప్పారు. సౌర కుటుంబం! పుస్తకంలో ఇన్ని పాఠాలుండగా అదే దొరికిందా వాళ్ళకు? సూర్యుడు లేకుండా సౌర కుటుంబం ఎట్లా చెబుతారు?

చెప్పొచ్చని మేమిద్దరం తేల్చుకున్నాం. పాఠం పేరు పలకకుండా బోర్డు మీద రాయాలి. సూర్యుడిని భానుడు అనాలి. సముద్రం వస్తే కడలి. సమయం వస్తే వేళ. చూడండి, చెప్పండి అన్నవి మాంత్రికుడి గొంతుతో ఎట్లాగూ వస్తాయి. వారమంతా నా గదిలో వాడు గోడకు పాఠం చెప్పాడు. నాకు బ్రహ్మాండంగా అనిపించింది. ఆదివారం కోదాడ పోయి వదిన ముందు చెప్పించాను. ఆమె చివరిదాకా విని, "భానుడి చుట్టూ భూమి తిరుగుతుందా? పాఠమా ఇది, పురాణమా?" అంది.

తమ్ముడి ముఖం వాడిపోయింది. "రేపు పోవాల్నా వద్దా తెల్వదు" అన్నాడు, అన్నం కలుపుతూ. మళ్ళీ గేటు దగ్గరి నుంచే వస్తాడని నాకు అర్థమైంది. వదినను నాలుగు దులిపేదాన్నే, అన్న నా కంచంలో కూర వేసి, "తిను ముందుగాల" అన్నాడు.

అన్నాలయ్యాక చాప పరిచింది వదిన. ఎవరికీ ఆడాలని లేదు. అయినా కూర్చున్నాం.

కథలో ఒక కొండగుహలో దిగాం. అన్న ముందు, నేను మధ్య, తమ్ముడు వెనక. చీకట్లోంచి కొండచిలువ వచ్చి నన్ను చుట్టేసింది. నా కత్తి కింద పడింది. అన్న బాణాలు వేశాడు, పాముకు ఇంకో రెండు పాచికల దెబ్బ చాలు అన్నంత దాకా తెచ్చి, బాణాలు అయిపోయి ఖాళీ చేతులతో నిలబడ్డాడు. నాకు మిగిలిన ప్రాణం పది. పాము ఇంకోసారి బిగిస్తే నేను పోతాను. వదిన తమ్ముడి వైపు తిరిగింది. "పామును కొట్టే మంట ఏదైనా ఆమెనూ తాకుతుంది. చుక్కలు పది దాటకూడదు, పది పడ్డా కూడదు. నీ చేతిలో ఆరు పాచికలున్నాయి. ఏం చేస్తావు?"

వదిన ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుంది. ఎవరైనా తేల్చకపోతే ఆమె ఒక్కో వేలూ మడుస్తుంది. పిడికిలి మూసుకుంటే వంతు పోయినట్టే.

ఆరు విసిరితే నేను బూడిద. ఊరుకుంటే పాము నలిపేస్తుంది. ఉన్నది ఒక్కటే దారి, దాన్ని నోటితో చెప్పాలి. ఏడాదిగా నేను పెంచుకున్న ఆ కోటకాపు మనిషి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాడి గొంతునే చూస్తున్నాను.

తమ్ముడు నాలుగు పాచికలు పక్కన పెట్టి రెండు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు మడిచింది వదిన. వాడు మాంత్రికుడి గొంతు తెచ్చుకుని, "చిన్నమంట!" అన్నాడు గట్టిగా.

"అలాంటి మాట లేదు ఈ ఆటలో" అంది వదిన. చూపుడువేలు మడిచింది.

నా తల పేలిపోయింది. "ఏంది వదినా, అది మాట కాదా? పేరేదైతేంది, రెండు తీసిండు గద! రేపు పోరగాడు ఆడికి..."

"నువ్వు ఆ మాట అన్నావంటే వాడి వంతు పోతుంది. తెలుసుగా?" నా వైపు చూడకుండానే మధ్యవేలు మడిచింది.

సిమ్ అన్న మాట నా నాలుక మీదే ఉంది. చిన్నప్పటి నుంచి వాడి మాటలన్నీ పూర్తి చేసిన నాలుక అది. పెదవి కరిచిపట్టుకుంటే ఉప్పగా తగిలింది. అన్న కూడా ఏమీ అనలేక, గాలిలో పొయ్యి మీట తిప్పుతున్నట్టు వేళ్ళు తిప్పుతున్నాడు, వాడికి ఆ మాట గుర్తులేదన్నట్టు!

"స్..." అన్నాడు తమ్ముడు. ఆగిపోయాడు. మెడ నరం తేలింది. ఉంగరపు వేలు మడుచుకుంది. "స్... స్..." చేతిలో పాచికలు చెమటకు తడిసిపోయి ఉంటాయి.  వాడు కళ్ళు దించుకుంటాడు, పాచికలు చాప మీద పెట్టేస్తాడు అనుకున్నాను. గేటు దగ్గరి నుంచి తిరిగొచ్చిన రెండుసార్లూ అట్లాగే వచ్చి ఉంటాడు.

వాడు తల ఎత్తాడు. కోపంగా ఉన్నాడు. నా తమ్ముడికి అంత కోపం వస్తుందని నాకు తెలియదు.

"ఆగు వదినా. స్... సె... సెప్పనియ్యి. స్స్... సెయ్యి దించు. నేను స్స్... సెప్తున్న గద!" మాంత్రికుడి గొంతు కాదు, వాడిదే. 'చ' కాదు, మాదే. ప్రతి మాట దగ్గరా తట్టుకుంటున్నాడు, ఆగడం లేదు, మాట మార్చడం లేదు. "స్స్స్... సిమ్. సిమ్‌ల ఏస్తున్న. రెండు."

వదిన చిటికెన వేలు ఇంకా మడవలేదు. మిగతా నాలుగూ చకచకా మడిచిన మనిషికి ఆ ఒక్క వేలు దగ్గర అంతసేపు ఎందుకు పట్టిందో నేను ఆమెను అడగలేదు. చెయ్యి దించింది. "వెయ్యి" అంది.

పాచికలు పళ్ళెంలో దొర్లాయి. ఒకటి ఆరు పడింది. రెండోది పళ్ళెం అంచుకు తగిలి, తిరిగి తిరిగి, ఆరు పడింది.

పాము చచ్చింది. నేనూ చచ్చాను.

 ఆటలో చచ్చినవాళ్ళ కాగితం చింపాలన్నది వదిన మొదటి రూలు, ఆమె తీసుకుని అడ్డంగా చింపింది. చివరికి అన్నకు నవ్వాగలేదు. "సిమ్‌ల పెట్టినా మాడ్చినవ్ గదరా!"

తమ్ముడు నవ్వలేదు. నా వైపు తిరిగి, "స్..." అన్నాడు. నేను పెదవి వదల్లేదు. "స్స్... స్..." ఈసారి ఏ మాటో నాకు నిజంగానే తట్టలేదు. "స్... సారీ అక్కా."

నీళ్ళ కుండ పగలగొట్టినా, నా పెన్ను పోగొట్టినా, వాడు జీవితంలో నాకు సారీ చెప్పలేదు. పొగరని ఎన్నిసార్లు వీపు మీద చరిచానో. ఆ మాటకూ మొదట 'స' ఉందని ఆ చాప మీద తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది. నా మనిషి చచ్చినందుకు ఏడుస్తున్నానని అందరూ నన్ను ఓదార్చారు.

మర్నాడు మిర్యాలగూడ పోయాం. దవాఖానలో సెలవు పెట్టి నేనూ వెంట పోయాను, గేటు దగ్గరి నుంచి తిరిగొస్తే రెండు పీకడానికి. వాడు గేటు దాటాడు. నేను వరండాలో బెంచీ మీద, ఆరో తరగతి కిటికీకి దగ్గరగా కూర్చున్నాను. లోపల వెనక బెంచీలో పెద్దసారు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

వాడు భానుడు అంటాడని చూస్తున్నాను. అంటే బతికిపోతాడు.

"మన భూమికి వెలుగు ఎక్కడి నుంచి వస్తది?" అన్నాడు. బోర్డు మీద గుండ్రంగా గీశాడు. "ఇది స్..."

ఆగిపోయాడు.

 పిల్లలు నవ్వుతారు. ఒక్కడు నవ్వితే చాలు, నాయిన మంద తోలుకుని ఎదురుచూస్తున్నాడు. కిటికీలోంచి నేనే అరిచేద్దునా? "స్... స్..."

"సూర్యుడు సార్!"

తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. గోడలు దద్దరిల్లాయి. నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. మన బళ్ళల్లో ఏ సారైనా పాఠం అట్లాగే చెబుతాడు. మాట సగం పలికి ఆగుతాడు, మిగతా సగం పిల్లలు అందుకోవాలి. మేమంతా అట్లా చదువుకున్నవాళ్ళమే. తమ్ముడి గొంతు పట్టేస్తే వాళ్ళు సారు ప్రశ్న అడుగుతున్నాడనుకున్నారు!

తమ్ముడు బిత్తరపోయి నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపాడు. "కరెక్ట్" అన్నాడు. "స్... సూర్యుడు." అంటూ తనూ పూర్తి చేశాడు. అక్కడి నుంచి ఆగిన చోటల్లా పిల్లలు ఎగబడ్డారు. ఒకసారి తప్పు మాట అరిచారు, వాడు నవ్వి, కాదన్నట్టు వేలు ఊపి, ఎంతసేపైతే అంతసేపు తీసుకుని సరైన మాట తనే చెప్పాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి వాడి నోటికేసి చూశారు. వాడిని ఎవరూ అంత ఇష్టంగా వినడం నేను ఎప్పుడూ చూడలేదు, మా ఇంట్లో కూడా.

బయటికొచ్చాక పెద్దసారు, "మంచి పద్ధతి పెట్టుకున్నవయ్యా. మొత్తం పిల్లలతోనే సెప్పిచ్చినవ్" అన్నారు.

ఊరుకుంటే పోయేది. నోర్మూసుకోరా అని నేను మనసులో మొక్కుకుంటున్నాను. వాడు ఊరుకోలేదు. "పద్ధతి కాదు స్... సార్. నాకు నత్తి."

ఆయన వాడి ముఖంలోకి కాసేపు చూశారు. 

"ఏదైతేంది?" అన్నారు. "ఈ క్లాసోళ్ళు ఇన్నేండ్లల్ల నోరు తెరిచింది ఇయ్యాలనే. వచ్చే సోమవారం జాయిన్ అయితవా?"

సాయంత్రం గరిడేపల్లి మీదుగా సూర్యాపేట పోయే బస్సు ఎక్కాం. కిటికీ పక్కన నేను, ఇటు వాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. కండక్టర్ అందరినీ తోసుకుంటూ వచ్చి, టికెట్ మిషన్ మీద వేలు పెట్టి, "ఏడికి?" అన్నాడు.

తమ్ముడు డబ్బులిచ్చి, "రెండు స్..." అన్నాడు.

ఈ దారిలో నకిరేకల్ రాదు. "స్... స్..." కండక్టర్ వాడిని వదిలేసి నా వైపు వంగాడు. "ఏడికమ్మా? జల్ది సెప్పు, ఎనక మంది ఉన్నరు."

ఆ మాటతో నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పొద్దుటి నుంచి, నిన్నటి నుంచి, అసలు పుట్టినప్పటి నుంచి దాచిందంతా ఒక్కసారి పైకి లేచింది. మనిషి మాట్లాడుతుంటే కనపడతలేదా అని బస్సు దద్దరిల్లేటట్టు అరవబోయి నోరు తెరిచాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు. "స్... స్స్..." నేను ఆగాను. కండక్టరూ ఆగాడు. "సిమ్."

కండక్టర్ మిషన్ వైపు చూసి, మా ఇద్దరి వైపు చూశాడు. "సిమ్మా? గా పేరు మీద స్టేజీ లేదు ఈ రూట్ల."

మేమిద్దరం నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేకపోయాం. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. నవ్వాగాక తమ్ముడు కళ్ళు తుడుచుకుని, కండక్టర్ ముఖంలోకి చూస్తూ, తనకు ఎంతసేపు పడితే అంతసేపు తీసుకుని, మేము దిగే ఊరి పేరు చెప్పాడు. మిషన్ కిరకిరమంది. కండక్టర్ రెండు టికెట్లు చింపి వాడి చేతిలో పెట్టాడు. వాడు వాటిని జేబులో పెట్టుకోకుండా సూర్యాపేట దాకా చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.